పన్నెండు గొట్టంలో ఇరవై తూటా: షాట్‌గన్ అడాప్టర్లు ఎలా పనిచేస్తాయి, ఎక్కడ దెబ్బతీస్తాయి

పన్నెండు గేజ్ (గేజ్ అంటే గొట్టం సైజు) తుపాకిని మధ్యకు విరిచి, తూటా కూర్చునే గదిలోకి, అంటే ఖాళీ చాంబర్‌లోకి, ఇరవై గేజ్ తూటాను వదిలితే అది నోటి దగ్గర ఆగదు, జారి లోపలికి పోతుంది. కొలతలు చూస్తే కారణం తెలుస్తుంది. పన్నెండు గేజ్ చాంబర్ వెనక వైపు సుమారు 20.6 మి.మీ., ముందు కొసకు వచ్చేసరికి 20.3 మి.మీ. ఉంటుంది. ఇరవై గేజ్ తూటా అడుగున ఉండే ఇత్తడి అంచు 19.4 మి.మీ. మాత్రమే. కాబట్టి చాంబర్ పొడవునా దాన్ని ఆపేదేమీ లేదు. చాంబర్ దాటాక గొట్టం 18.5 మి.మీ.కు సన్నబడుతుంది. అక్కడ ఆ అంచు బిరడాలా బిగుసుకుంటుంది.

ఇప్పుడు వెనక నుంచి చూసేవాడికి చాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటుంది, పేలదు. తూటా పెట్టడం మరిచిపోయానేమో అనుకుని ఈసారి పన్నెండు గేజ్ తూటా పెట్టి మూస్తాడు. అదీ చక్కగా సరిపోతుంది. పేల్చగానే వెనక తూటా ముందు తూటాను గుద్దుతుంది, గొట్టం పగులుతుంది. పగిలేది సరిగ్గా ముందు చెయ్యి తుపాకిని పట్టుకునే చోట. ఈ ప్రమాదానికి తుపాకుల వాళ్లు పెట్టుకున్న పేరు 'పన్నెండు-ఇరవై బర్స్ట్'. ఇరవై గేజ్ తూటాల ఒంటికి పసుపు రంగును ప్రత్యేకించడానికి కారణం ఇదే. చేతిలో పసుపు తూటా ఉందంటే అది ఇరవై అని కన్ను వెంటనే పట్టేయాలి.

అవే రెండు సైజుల మధ్య ఒక ఉక్కు తొడుగు వేస్తే అదే తూటా అదే తుపాకిలో సవ్యంగా పేలుతుంది. ఆ తొడుగే అడాప్టర్. అది తుపాకిని మార్చదు. చాంబర్‌లో మిగిలిపోయే ఖాళీని నింపుతుంది, తూటా అంచుకు ఆనుకునే చోటు చూపిస్తుంది, అంతే. అడాప్టర్ వల్ల వచ్చే మేలైనా కీడైనా ఆ ఖాళీ ఎంత బాగా నిండిందన్న దాని మీదే ఆధారపడుతుంది.

గేజ్ అంటే ఏమిటి, అంకె పెరిగితే గొట్టం ఎందుకు చిన్నదవుతుంది

ఇది పాత తూకపు లెక్క. ఒక పౌను స్వచ్ఛమైన సీసాన్ని పన్నెండు సమాన గోళీలుగా పోస్తే, ఒక గోళీ ఎంత లావు ఉంటుందో పన్నెండు గేజ్ గొట్టం లోపలి వ్యాసం అంత. పౌను అంటే 453.6 గ్రాములు, పన్నెండో వంతు 37.8 గ్రాములు. సీసం సాంద్రతతో భాగిస్తే గోళీ ఘనపరిమాణం, దాన్నుంచి వ్యాసం 18.5 మి.మీ. వస్తుంది. అదే పౌనును ఇరవై గోళీలు చేస్తే ఒక్కొక్కటి చిన్నదవుతుంది, 15.6 మి.మీ. ఇరవై ఎనిమిది గోళీలైతే 14 మి.మీ. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

నాలుగు వందల పది అనే చిన్న సైజు మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది గేజ్ కాదు, నేరుగా అంగుళాల్లో చెప్పే వ్యాసం: 0.410 అంగుళం, అంటే 10.4 మి.మీ. గేజ్ లెక్కలోకి మారిస్తే సుమారు 67 అవుతుంది.

వ్యాసం ఒక్కటి చూస్తే చాలదు, చాంబర్ పొడవు కూడా చూడాలి. రెండుంముప్పావు అంగుళాలు అంటే 70 మి.మీ., మూడు అంగుళాలు అంటే 76 మి.మీ. తూటా మీద రాసే పొడవు, పేలిన తర్వాత మడత విప్పుకున్న తూటా ఒంటి పొడవు. పేలకముందు అది అంతకన్నా పొట్టిగా ఉంటుంది కాబట్టి మూడంగుళాల తూటా రెండుంముప్పావు చాంబర్‌లో కూడా దూరుతుంది, తుపాకి మూసుకుంటుంది. పేలినప్పుడు మాత్రం దాని మూతి విప్పుకోవడానికి చోటుండదు. అది ముందున్న ఇరుకులోకి తెరుచుకుంటుంది, ఒత్తిడి పెరిగిపోతుంది. అడాప్టర్‌కూ ఇదే నియమం. నాలుగు వందల పది అడాప్టర్ మీద రెండున్నర అంగుళాలు అని చెక్కి ఉంటే మూడంగుళాల తూటా దానిలో పెట్టకూడదు, ఎంత సులువుగా దూరినా సరే.

రెండు జాతులు

అడాప్టర్ అన్న ఒకే పేరుతో రెండు వేరు వేరు వస్తువులు చెలామణీ అవుతున్నాయి. ఒకదాని గుణాలు ఇంకోదానికి అంటగట్టడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

మొదటిది పొట్టి తొడుగు. చాంబర్ పొడవే ఉంటుంది, అరచేతిలో ఇముడుతుంది. తూటా దీనిలో పేలుతుంది, గుళ్లు మాత్రం తుపాకి అసలు గొట్టం గుండానే బయటికి వెళతాయి. ఇరవై గేజ్ గుళ్ల గుత్తి 15.6 మి.మీ. దారికి తయారైనది, ప్రయాణం చేసేది 18.5 మి.మీ. దారిలో.

రెండోది పూర్తి పొడవు ట్యూబు. చాంబర్ నుంచి మూతి దాకా వెళ్లే సన్నని అల్యూమినియం గొట్టం, దాని వెనక కొసలో ఉక్కు లేదా టైటానియం చాంబర్, ముందు కొసలో దాని సొంత చోక్ (గుళ్లు చెదరకుండా మూతిని కాస్త బిగించే భాగం). ఎగిరే మట్టి పళ్లేలను కొట్టే అమెరికన్ స్కీట్ పోటీల్లో 12, 20, 28, నాలుగు వందల పది అని నాలుగు విభాగాలుంటాయి. నాలుగు తుపాకులు మోయకుండా ఒకే తుపాకితో, ఒకే బిగింపుతో, ఒకే ట్రిగ్గర్ అలవాటుతో ఆడేందుకు ఈ ట్యూబులు వచ్చాయి. బ్రైలీ లాంటి తయారీదారులు పేరు తెచ్చుకున్నది వీటితోనే. ఇందులో గుళ్లకు సరైన సైజు దారి చివరిదాకా ఉంటుంది, కాబట్టి చిన్న గేజ్ తుపాకితో కొట్టినట్టే గుళ్లు గుత్తిగా పోతాయి. దీనికి బదులుగా తుపాకి ముందు భాగం బరువెక్కుతుంది. పైగా ట్యూబును ఆ గొట్టానికి కొలిచి అమర్చాలి. ఇంకొకరి తుపాకి నుంచి తీసుకొచ్చి దూర్చేది కాదది.

దగ్గరి దూరంలో సాధన చేయడానికో, కొత్తగా నేర్చుకునేవారికి భుజం మీద తాపు తగ్గించడానికో పొట్టి తొడుగు చాలు. పోటీకి ట్యూబు కావాలి. పొట్టి తొడుగుతో పోటీ ఫలితం ఆశించినవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు.

తొడుగు గోడ ఎంత మందం, అది ఎంత మోస్తుంది

ఇరవై గేజ్ తూటా అడుగు 17.8 మి.మీ., పన్నెండు చాంబర్ 20.6 మి.మీ. తేడా 2.8 మి.మీ., ఒక్కో వైపు 1.4 మి.మీ. తొడుగు గోడకు దొరికే మందం అంతే. నాలుగు వందల పది తూటా అడుగు 12.1 మి.మీ. కాబట్టి దాని తొడుగుకు ఒక్కో వైపు 4.2 మి.మీ. దక్కుతుంది. పన్నెండులో పదహారు పెట్టాలంటే గోడ మి.మీ. కూడా ఉండదు.

అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ లెక్క ప్రకారం ఇరవై గేజ్ తూటాకు గరిష్ఠ ఒత్తిడి 12,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు), అంటే సుమారు 83 మెగాపాస్కల్. ఆ ఒత్తిడిని 1.4 మి.మీ. గోడ ఒంటరిగా మోయాల్సి వస్తే గోడలో పుట్టే లాగుడు 550 మెగాపాస్కల్ దగ్గరికి వెళుతుంది. అల్యూమినియం మిశ్రమాల్లో గట్టిదని పేరున్న 7075 రకం దాదాపు 500 దగ్గరే శాశ్వతంగా సాగిపోతుంది. నాలుగు వందల పది తొడుగులో తూటా ఒత్తిడి ఇంకా ఎక్కువ, మూడంగుళాల దానికి 13,500 పీఎస్ఐ. అయినా గోడ మందంగా ఉండటం వల్ల లాగుడు 200 మెగాపాస్కల్ కూడా దాటదు.

అందుకే ఇరవై తొడుగు ఒంటరిగా పనిచేసే వస్తువు కాదు. పేలిన క్షణంలో అది కొద్దిగా ఉబ్బి తుపాకి చాంబర్ గోడకు ఆనుకోవాలి, ఆ తర్వాతి భారమంతా తుపాకి ఉక్కు మోయాలి. తొడుగుకూ చాంబర్‌కూ మధ్య సందు తక్కువైతే ఈ ఆనుకోవడం లోహం సాగే హద్దులోపే జరుగుతుంది, తర్వాత తొడుగు మళ్లీ ముడుచుకుని వదులుగా బయటికి వస్తుంది. సందు ఎక్కువైతే ఆనుకునేలోపే హద్దు దాటుతుంది, ఇక అది ముడుచుకోదు. చాంబర్‌లో ఇరుక్కుంటుంది, లేదా పొడవునా చీలుతుంది. ఇరవై తొడుగు ఉక్కుదే కొనాలి, అదీ తన తుపాకి చాంబర్‌కు సరిపోయేదే కొనాలి. నాలుగు వందల పదికి అల్యూమినియం తొడుగైనా నడుస్తుంది గానీ దాని అంచు త్వరగా నలుగుతుంది. అంచు నలిగితే తూటా నిలిచే లోతు మారిపోతుంది.

రబ్బరు రింగులున్న తొడుగులు ఉంటాయి. ఆ రింగు తొడుగును చాంబర్ నడిమధ్యలో నిలుపుతుంది, కదలకుండా పట్టుకుంటుంది. అది బలాన్నివ్వదు, సందును తగ్గించదు. వదులుగా ఉన్న తొడుగు రింగు వల్ల బిగుతుగా అనిపిస్తుంది, అక్కడే మోసపోతారు. కొలత చూడాలంటే రింగు తీసి చూడాలి.

అంచు దగ్గర రెండు లోతులు

షాట్‌గన్ తూటా చాంబర్‌లో ఎక్కడ ఆగాలో నిర్ణయించేది దాని అంచు. చాంబర్ నోటి చుట్టూ ఆ అంచు కూర్చునే గాడి ఉంటుంది. పన్నెండు గేజ్‌లో దాని లోతు సుమారు 1.9 మి.మీ. అడాప్టర్ వేసినప్పుడు ఇలాంటి గాడులు రెండు ఒకదానిలో ఒకటి ఉంటాయి: తుపాకి గాడిలో తొడుగు అంచు, తొడుగు గాడిలో తూటా అంచు. రెండింటి తేడాలూ కలిసి ఒకటవుతాయి.

తొడుగు అంచు మందమైతే తుపాకి మూసుకోదు. ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. అప్పుడు బలవంతంగా మూయకూడదు, కీలు పాడవుతుంది. అంచు పలచనైతే తెలిసిరాదు. తుపాకి హాయిగా మూసుకుంటుంది కానీ తూటాకూ, చాంబర్‌ను వెనక నుంచి మూసే తుపాకి పలకకూ మధ్య సందు మిగులుతుంది. ఫైరింగ్ పిన్ కొట్టినప్పుడు తూటా ముందుకు జరుగుతుంది, దెబ్బ తేలికవుతుంది, ఒక్కోసారి పేలదు. పేలితే ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే చిన్న గిన్నె) తన గుంట నుంచి వెనక్కి పొడుచుకొస్తుంది. పేలిన తూటా అడుగు మీద వేలు రుద్దితే ప్రైమర్ పైకి ఉబ్బి తగులుతోందా? తొడుగు లోతు సరిగా లేదని దానర్థం. ఆ తొడుగు వాడటం మానేయాలి.

గుళ్లు బయటికి వెళ్లే దారి

పొట్టి తొడుగులో ఇరవై గేజ్ తూటా పేలగానే గుళ్లను మోసే ప్లాస్టిక్ వ్యాడ్ చాంబర్ దాటి తనకన్నా దాదాపు మూడు మి.మీ. వెడల్పైన గొట్టంలోకి వస్తుంది. అడుగున ఉన్న ప్లాస్టిక్ కప్పు గ్యాసును పూర్తిగా ఆపలేదు, పక్కల నుంచి గ్యాసు ముందుకు దూసుకుపోతుంది. వేగం తగ్గుతుంది. వ్యాడ్ రెక్కలు గొట్టంలోనే విచ్చుకుంటాయి, సీసపు గుళ్లు గోడకు రాసుకుని ఒక వైపు చదునవుతాయి. చదునైన గుండు గాలిలో తిన్నగా పోదు.

చోక్ దీన్ని సరిచేస్తుందని నమ్మకండి. పన్నెండు గేజ్ ఫుల్ చోక్ గొట్టాన్ని సుమారు 0.9 మి.మీ. బిగిస్తుంది, అంటే 17.6 మి.మీ.కు తెస్తుంది. అది ఇరవై గేజ్ గొట్టం కన్నా ఇంకా రెండు మి.మీ. వెడల్పే. నాలుగు వందల పది తూటా విషయంలో తేడా ఏడు మి.మీ. కాబట్టి అప్పుడు చోక్ చేసేది అంతకన్నా తక్కువ. గుళ్ల సంఖ్య కూడా మరిచిపోకూడదు. పన్నెండు గేజ్ తూటాలో మామూలుగా 28 నుంచి 32 గ్రాముల గుళ్లుంటాయి, ఇరవైలో 25, రెండున్నర అంగుళాల నాలుగు వందల పదిలో 14 గ్రాములే. తక్కువ గుళ్లు ఎక్కువ చెల్లాచెదురైతే మధ్యలో ఖాళీలు పడతాయి. ఇరవై మీటర్ల దూరంలో మీటరు వెడల్పు కాగితం పెట్టి ఐదు తూటాలు, ఒక్కోదానికి ఒక కాగితం చొప్పున కొట్టి చూస్తే మన తొడుగు, మన తుపాకి, మన తూటా కలిసి ఏం చేస్తాయో తేలిపోతుంది. నా మటుకు పొట్టి తొడుగులో నాలుగు వందల పదిని పాతిక మీటర్ల అవతల దేనికీ నమ్మను.

ఉక్కు గుళ్ల తూటాలు పొట్టి తొడుగులో వద్దు. ఉక్కు గుళ్లు గొట్టానికి తగలకుండా కాపాడేది వ్యాడ్ రెక్కలే. ఆ రెక్కలు వెడల్పు గొట్టంలో ముందే విచ్చుకుంటే గట్టి ఉక్కు నేరుగా గొట్టాన్ని, చోక్‌ను గీరుతుంది. ఒంటి గుండు స్లగ్గులూ అంతే: నాలుగు వందల పది స్లగ్గు పన్నెండు గొట్టంలో గోడలకు తగులుతూ పోతుంది. ఎటు వెళుతుందో చెప్పలేని గుండును పేల్చడం సాధన కాదు.

ఇంకో ప్రమాదం చప్పుడు లేకుండా వస్తుంది. గ్యాసు పక్కల నుంచి పోతున్నందున, ముఖ్యంగా నాలుగు వందల పదిలో, వ్యాడ్ గొట్టం మధ్యలోనే ఆగిపోవచ్చు. పేలిన చప్పుడు నీరసంగా ఉందనిపిస్తే తుపాకి విరిచి, రెండు తూటాలూ తీసి, తొడుగు కూడా తీసి, గొట్టం వెనక నుంచి వెలుతురు వైపు చూడాలి. అవతలి కొస గుండ్రంగా పూర్తిగా కనిపించాలి. కనిపించకపోతే రాడ్డుతో నెట్టి తీసేదాకా మరో తూటా పెట్టకూడదు.

పిస్తోలు తూటాల తొడుగులు

షాట్‌గన్‌లో పిస్తోలు తూటా పేల్చే తొడుగులూ దొరుకుతాయి. ఇటలీ సంస్థ చియప్పా తన మడత తుపాకి కోసం ఎక్స్-క్యాలిబర్ పేరుతో ఇలాంటి సెట్టునే అమ్మింది. తుపాకితో పాటే తయారై, ఆ తుపాకికే పరీక్షించిన సెట్టు ఒక సంగతి. ఎక్కడో దొరికిన తొడుగును తాతలనాటి డబుల్ బ్యారెల్‌లో దూర్చడం మరో సంగతి.

ఒత్తిడి అంకెలు చూసి భయపడేవాళ్లూ ఉన్నారు, తూటా చిన్నది కదా అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. చూడాల్సింది తుపాకి వెనక పలక మీద పడే తోపు. ఒత్తిడిని తూటా అడుగు వైశాల్యంతో హెచ్చిస్తే అది వస్తుంది. పన్నెండు గేజ్ ఒత్తిడి 11,500 పీఎస్ఐ మాత్రమే, కానీ అడుగు వెడల్పు. అందుకే గరిష్ఠ తోపు దాదాపు 2,700 కిలోలు. ఇరవై గేజ్ సుమారు 2,100, మూడంగుళాల నాలుగు వందల పది 1,100. తొమ్మిది మి.మీ. పిస్తోలు తూటా ఒత్తిడి 35,000 పీఎస్ఐ అయినా అడుగు చిన్నది, తోపు 1,900. నలభై నాలుగు మాగ్నమ్ 36,000 పీఎస్ఐతో మళ్లీ 2,700 దగ్గరికి వచ్చేస్తుంది. రైఫిల్ తూటా 0.223 అయితే 55,000 పీఎస్ఐతో పన్నెండు గేజ్‌నూ దాటిపోతుంది. ఇవి తూటా అడుగు బయటి కొలతతో వేసిన ఉజ్జాయింపు లెక్కలు, పోల్చి చూడటానికే. ఒక్క విషయం మాత్రం స్పష్టం: ఇరవై గేజ్, నాలుగు వందల పది తూటాలతో తుపాకిని మూసి ఉంచే తాళానికి పని తగ్గుతుంది, మాగ్నమ్‌తో తగ్గదు, రైఫిల్ తూటాకు ఇది చోటే కాదు.

తోపు సరిపోయినంత మాత్రాన పని అయిపోలేదు. షాట్‌గన్ ఫైరింగ్ పిన్ లావైనది, 6 మి.మీ. పైబడిన ప్రైమర్‌కు తయారైనది. చిన్న పిస్తోలు ప్రైమర్ 4.4 మి.మీ.. అంత ఎక్కువ ఒత్తిడిలో ఆ పలచని రేకు పిన్ చుట్టూ ఉన్న సందులోకి ఉబ్బుతుంది, కొన్నిసార్లు చిల్లు పడి వేడి గ్యాసు వెనక్కి చిమ్ముతుంది. కంటి అద్దాలు లేకుండా ఈ ప్రయోగం చేయరాదు. ఇరవై రెండు రిమ్‌ఫైర్ తూటాకు అంచు మీద దెబ్బ పడాలి గనక దాని తొడుగులో రంధ్రం నడిమధ్యలో ఉండదు, పక్కకు జరిగి ఉంటుంది. ఆ తొడుగు గొట్టంలో తిరిగిపోతే గుండు వెళ్లే చోటూ తిరిగిపోతుంది.

గురి సంగతి ఒక లెక్కతో తేలుతుంది. 75 మి.మీ. తొడుగు నుంచి బయటపడ్డ తొమ్మిది మి.మీ. గుండు మిగతా 63 సెం.మీ. గొట్టాన్ని దేనికీ తగలకుండా దాటాలి. గుండుకూ గోడకూ మధ్య ఉన్న దూరం 4.75 మి.మీ. తొడుగు అర డిగ్రీ కూడా వాలనక్కర్లేదు, గుండు మూతి దగ్గర గోడను గీరుతుంది. అంత వాలు రావడానికి తొడుగు ఒక కొస అర మి.మీ. కన్నా కాస్త ఎక్కువ పక్కకు జరిగితే చాలు. వదులు తొడుగు గురించి ఇంత పట్టుబట్టడం ఇందుకే.

నలభై ఐదు కోల్ట్ తూటా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాని ఒళ్లు నాలుగు వందల పది తూటా అంత లావే ఉంటుంది, కాబట్టి నాలుగు వందల పది తొడుగులో చక్కగా కూర్చుంటుంది. కానీ దాని గుండు 0.452 అంగుళం. తొడుగు ముందు భాగం 0.410కి సన్నబడి ఉంటే ఆ గుండు అందులో ఇరుక్కుంటూ పోవాలి. తొడుగు మీద రెండు పేర్లూ చెక్కి ఉంటే తప్ప అందులో కోల్ట్ తూటా పెట్టకండి.

విరిచే తుపాకిలోనే ఎందుకు

పంపు, సెమీ-ఆటో తుపాకుల్లో తూటా మ్యాగజైన్ నుంచి కదిలి చాంబర్‌లోకి వెళ్లాలి, పేలాక బోల్టు దాన్ని లాగి పారేయాలి. తొడుగుతో కలిసిన తూటా ఆ దారిలో నడవదు. విరిచే తుపాకిలో చాంబర్ నోరు కళ్లెదురుగా తెరుచుకుంటుంది, చేత్తో పెట్టి చేత్తో తీస్తాం.

తీసేటప్పుడు ఒక చిక్కుంది. తూటాను పైకి లేపే ఎక్స్‌ట్రాక్టర్ పట్టుకునేది తొడుగు అంచును, తూటా అంచును కాదు. తొడుగు పైకి లేస్తుంది, ఖాళీ తూటా దానిలోనే ఉంటుంది. చేతిలోకి తీసుకుని చిన్న కర్ర పుల్లతోనో ఇత్తడి రాడ్డుతోనో ముందు నుంచి నెట్టి తీయాలి. తుపాకికి ఖాళీ తూటాను బయటికి విసిరేసే ఆటోమేటిక్ ఎజెక్టర్లుంటే ఇంకా జాగ్రత్త పడాలి: నాలుగు వందల పది ఉక్కు తొడుగు సుమారు 120 గ్రాములు తూగుతుంది, విరవగానే అది మొహం మీదికో వెనక నిలబడ్డవారి మీదికో ఎగరగలదు. విరిచేటప్పుడు అరచెయ్యి చాంబర్ నోటికి అడ్డుపెట్టి నెమ్మదిగా విరవాలి. ఎజెక్టర్లను ఆపే వీలున్న తుపాకుల్లో ఆపేయడం ఇంకా మేలు.

అమర్చే క్రమం

తుపాకి విరిచి, రెండు చాంబర్లూ ఖాళీ అని కంటితో, వేలితో చూసుకోండి. చాంబర్‌లో నూనె, ప్లాస్టిక్ మడ్డి లేకుండా తుడవండి. నూనె పొర ఉంటే తొడుగు గోడను పట్టుకోదు, వెనక పలక మీద తోపు పెరుగుతుంది. తొడుగును వదిలితే తన బరువుతోనే జారి కూర్చోవాలి. బరువుతో జారనిదాన్ని సుత్తితో కొట్టి కూర్చోబెట్టకండి. ట్యూబులకు మాత్రం తయారీదారు చెప్పిన పద్ధతి వేరు, అక్కడ తట్టి కూర్చోబెట్టేలాగే చేస్తారు. తొడుగు అంచు చాంబర్ ముఖంతో సమంగా ఉందో లేదో గోరు పెట్టి చూడండి. ఖాళీ తొడుగుతో తుపాకి మూయండి, మామూలు కన్నా ఎక్కువ బలం పట్టకూడదు. తర్వాత డమ్మీ తూటా (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టి మూసి, ట్రిగ్గర్ నొక్కి, విరిచి, పిన్ గుర్తు ప్రైమర్ నడిమధ్యలో పడిందా చూడండి. పక్కన పడితే ఆ జోడీ కుదరనట్టే.

జంట గొట్టాల తుపాకిలో ఒక గొట్టానికి తొడుగు వేసి ఇంకోదాన్ని పన్నెండుగా ఉంచుకోవడం తెలివిగా అనిపిస్తుంది. అదే అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. జేబులో రెండు సైజుల తూటాలు, తొందరలో చేతికి ఏది వస్తే అది. మొదట చెప్పుకున్న పసుపు తూటా తొడుగు లేని గొట్టంలోకి జారేది ఇలాంటి రోజే. రెండిటికీ తొడుగులు వేయండి, లేదా రెండిటికీ వద్దు. తొడుగులు వేసిన రోజు సంచిలో పన్నెండు గేజ్ తూటాలు ఉండనే కూడదు. తీసేసిన రోజు పసుపు తూటాలు ఉండకూడదు.

పేలని తూటా వస్తే మూతిని సురక్షిత దిక్కుకే ఉంచి కనీసం అర నిమిషం ఆగి విరవాలి, పలక వెనక మొహం ఉండకుండా. తొడుగు ఇరుక్కుంటే, లోపలి తూటా పేలి ఖాళీ అయిందని నిర్ధారించుకున్నాకే మూతి నుంచి కర్ర రాడ్డు దించి తట్టాలి. పేలని తూటా ఉన్న తొడుగును ముందు నుంచి ఎప్పుడూ కొట్టకూడదు, దాన్ని తుపాకులు బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్లాలి.

పాత తుపాకుల మాట

పన్నెండు గేజ్ తూటాలు పేల్చడానికి భయం వేసే పాత డమాస్కస్ గొట్టానికి (ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికి చేసినది) ఇరవై తొడుగు వేస్తే ప్రమాదం తప్పుతుందని చెప్పేవారున్నారు. ఒత్తిడి అంకెలు దీన్ని ఒప్పుకోవు. పన్నెండుకు 11,500 పీఎస్ఐ, ఇరవైకి 12,000, ఇరవై ఎనిమిదికి 12,500. గేజ్ చిన్నదయ్యేకొద్దీ తూటా లోపలి ఒత్తిడి పెరుగుతోందే గానీ తగ్గడం లేదు. పలక మీద తోపు తగ్గుతుంది, వెడల్పు గొట్టంలోకి వచ్చాక ఒత్తిడి తొందరగా దిగిపోతుంది, అది నిజం. కానీ సన్నని తొడుగు తన భారాన్ని చివరికి మోపేది ఆ పాత చాంబర్ గోడ మీదే. విరిచి మూసినప్పుడు గొట్టాలకూ పలకకూ మధ్య కాగితం దూరేంత సందు కనిపించే తుపాకి పన్నెండుకు పనికిరాదు, తొడుగు వేసినా పనికిరాదు.

తొడుగు వేసుకోవడం అంటే లైసెన్సులో రాయని సైజు తూటాలను దగ్గర ఉంచుకోవడం కూడా. చాలా చోట్ల తూటా సైజును బట్టే అనుమతి ఉంటుంది, లోపల గాడులున్న పిస్తోలు తొడుగులను విడిగా చూసే చట్టాలూ ఉన్నాయి. కొనేముందే ఆ సంగతి తేల్చుకోవాలి.

వాడాక తొడుగును లోపలా బయటా తుడవాలి. పొట్టి తొడుగు ముందు కొస ఎదురుగా తుపాకి గొట్టంలో సీసం, ప్లాస్టిక్ కలిసిన వలయం ఒకటి పేరుకుంటుంది. దాన్ని కంచు బ్రష్‌తో తీయకపోతే తర్వాత పన్నెండు తూటా మూతి విప్పుకునేది ఆ మడ్డి మీదే. తొడుగు బయటి వ్యాసాన్ని కొత్తదిగా ఉన్నప్పుడే మూడు చోట్ల కాలిపర్‌తో కొలిచి రాసి పెట్టుకోండి: అంచు పక్కన, మధ్యలో, ముందు కొసలో. అప్పుడప్పుడు మళ్లీ కొలవండి. ఏ ఒక్క చోటైనా పెరిగిందంటే అది సాగడం మొదలైంది. తన బరువుతో జారిపడే తొడుగు ఒకరోజు వేలితో లాగితే గానీ రాకపోతే, శుభ్రం చేశాక కూడా అలాగే ఉంటే, దాన్ని వైస్‌లో పెట్టి నలిపి పారేయండి, ఇంకొకరి చేతికి వెళ్లకుండా.